సికింద్రాబాదునుండి మలేరికి



మేము సికింద్రాబాదులో కాపురముండ మొదలిడి పదునాఱేండ్లు కావచ్చినది. మారేడుపల్లిలో మా యింటి పెరటిగోడ నానుకొని ఏనుగంత బండ యొకటి కలదు. వేసవిలో దానిపై వడియములు పెట్టుకొందుము. సంక్రాంతికి పిల్లలు దాని నెక్కి గాలిపటము లెగురవేయుదురు. ఈ బండకును ఒక వయస్సుండునని మేమెన్నడును తలంపలేదు. మౌలాలి గుట్టయు, గోలకొండయు, బంజారా కొండలును ఈ జాతి శిలలే యనియు, భూగర్భమున కరగియున్న ద్రవము చల్లాఱి గట్టిపడగా నివి యేర్పడినవనియు, వీని వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరములనియు మా పెద్దమ్మాయి చెప్పగా వింటిమి. ఆ కాలమున లోకమున ఎముకగల ప్రాణియే లేదు. కావున సికింద్రాబాదున నెంత లోతు త్రవ్వినను ఈ బండలలో ప్రాచీన జంతువు ఎముక దొరకదు. అది దొరకవలెనన్న నీరు తెచ్చి పేర్చిన బురదయు నిసుకయు రాయిగా మాఱిన చోటికి బోవలెను. అట్టి చోటు మనకంత దూరమున లేదు. గోదావరియు ప్రాణహితయు కలియు సీమ అట్టిదే.

ఈ సంగతులు మేము తెలిసికొనవలసి వచ్చుటకు కారణ మొకటి కలదు. మా పెద్దమ్మాయి ఇంటర్మీడియటు ముగించి, భూగర్భశాస్త్రము చదివెదనని పట్టుబట్టినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆ శాఖ కలదు, ఇంటినుండియే పోయిరావచ్చును. అంతవఱకు బాగుగనే యున్నది. కాని ఆ చదువునందు కొన్నాళ్ళు కొండలు, అడవులు తిరిగి గుడారములలో నుండవలసి వచ్చునని తెలిసి మా అత్తగారు వారము దినములు ఎవ్వరితోడను సరిగ మాటలాడలేదు. మా వారు బడిపంతులు. ఊరి పిల్లలందఱకును ఏమి చదువవలెనో చెప్పువారు, తమ పిల్ల విషయము రాగానే ఎటును చెప్పక పత్రికలో తల దూర్చిరి. మగవారి కిది సులభోపాయము. మాకు మాత్రము మనస్సు రెండుగా చీలినది. మేము బడిమెట్టెక్కి యెఱుగము. మా తండ్రిగారు వసారాలో కూర్చుండబెట్టి అమరమును, రఘువంశమును, పోతనగారి భాగవతమును చెప్పిరి. వసారా దాటి చదువుకొననిచ్చియున్న నేమయ్యెడిదో యని ఏ మధ్యాహ్నమో తోచుచునే యుండును. పిల్లకు వలదనుటకు నోరు రాలేదు. సరే యనుటకు ధైర్యము చాలలేదు. దరఖాస్తునకు గడువు ఇంకను మూడు వారము లున్నది.

అంతలో అత్తగారు నౌబతు పహాడుమీది వేంకటేశ్వరస్వామిని దర్శింపవలెననిరి. 1976లో వెలసిన ఆ పాలఱాతి గుడి ప్రక్కనే బిర్లా విజ్ఞానశాల కలదు. అమ్మాయికి కావలసినదియు నదియే. ఆదివారమునాడు అందఱమును బస్సెక్కి రాణీగంజు మీదుగా టాంకుబండు చేరితిమి. హుస్సేనుసాగరము గట్టుపై నున్న విగ్రహములలో మా కెప్పుడును కన్ను నిలుచునది మొల్ల విగ్రహమే. దర్శనము ముగించుకొని విజ్ఞానశాలలో నడుగిడితిమి. 2000వ సంవత్సరమున తెఱచిన డైనోసారియమను మందిరమున నున్న అస్థిపంజరమును చూడగానే మా చంటివాడు అత్తగారి కొంగు పట్టుకొనెను.

దాని పొడవు 44 అడుగులు, ఎత్తు 16 అడుగులు. పేరు కోటసారసు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి యొద్ద 1970 తరువాతి దశకమున భారత భూగర్భ సర్వేక్షణశాఖవారు దీని యెముకలను త్రవ్వి తీసిరి. ఒకటి రెండు కాదు, 840 ఎముకలు. కనీసము పండ్రెండు జంతువులవి. ఆ శాఖలోని యాదగిరిగారను పండితులు 1988లో దీనికి నామకరణము చేసిరి. ఇది ఆకులలములు మేయు సాధుజంతువు. ఇన్ని యెముకలు దొరకినను తల దొరకలేదు, రెండు పండ్లు మాత్రము దొరకినవి. కావున మనము చూచు తల ఊహించి చేసినది. ఈ మాట చెప్పగా అత్తగారు, "తల లేని మొండెమా! కిష్కింధలో రాములవారు కాలి బొటనవ్రేలితో పది యోజనములు చిమ్మిన దుందుభి ఎముకల గూడు ఇట్లే ఉండియుండును" అనిరి. మేమును లోలోపల సరిగ నదే తలంచుచుంటిమి. ఆ కథ చెప్పిన పూర్వులు ఏ నదీతీరముననైన నిట్టి యెముకను చూచిరో లేదో యెవరికెఱుక? కాని కొండవలె పడియున్న యెముకల ప్రోవును మా తండ్రిగారు వర్ణించునపుడు మా కన్నులకు గట్టిన రూపమిదే.

ఆ గదిలో చుట్టును తిరిగివచ్చి అమ్మాయి యొక ప్రశ్న వేసినది. "అమ్మా, ఇంత మంద మేయుచుండగా దీనిని తిను మృగము కూడ ఉండి తీరవలె గదా. అది ఎక్కడ?" మేమందఱమును కోటసారసునే చూచుచుంటిమి, అమ్మాయి మాత్రము అక్కడ లేని దానిని వెదకుచున్నది. ఆ ప్రశ్నయే మమ్ము తరువాత మలేరి వఱకు నడిపించినది.

ఇంటికి వచ్చిన పిదప అమ్మాయి పుస్తకములు ముందిడుకొని చెప్పగా, మేము పప్పు చెఱుగుచు వింటిమి. 1842లో రిచర్డు ఓవెను అను ఆంగ్లపండితుడు 'భయంకరమైన బల్లి' అను నర్థము వచ్చునట్లు డైనోసారను పేరు కల్పించెను. మనవారు రాక్షసబల్లి యనుచున్నారు. మాకీ పేరు రుచింపలేదు. బల్లికి కాళ్ళు ప్రక్కలకు చాచియుండును, పొట్ట నేలకు రాచుకొనును. వీనికి కాళ్ళు స్తంభములవలె శరీరము క్రింద నిటారుగ నుండును. ఇక రాక్షసత్వమందుమా, ఆకలికి తినుదానిని రాక్షసియన్న పులిని, పిల్లిని ఏమనవలెను? వీనిలో మాంసము తిని, రెండుకాళ్ళపై నడచు తెగను థెరోపాడులందురు. 1881లో మార్షు అను అమెరికా పండితుడు పెట్టిన పేరది. మృగపాదులని మనము చెప్పుకొనవచ్చును.

కోటసారసునాటి మృగపాది యేది? దానికి పేరున్నది. ఆ పేరు వినగానే మా చేతిలోని చేట ఆగినది: దండకోసారసు. మన దండకారణ్యము పేరే. 1982లో యాదగిరిగారే ఈ పేరును పెట్టిరి. కాని పేరెంత గంభీరమో ఆధారమంత స్వల్పము. దొరకినది కటిభాగమున క్రిందుగా వ్రేలాడు ఎముకయొక్క తునక మాత్రమే. ఆ యెముక తీరు మాంసభక్షకుల తెగను సూచించునేగాని, ఆ మృగమెంత పొడవో, తలయెట్టిదో చెప్పజాలదు. ఇంత కొంచెము తునకకు వేఱొక పేరు నిలువదని తరువాతి పండితులు పలువురు తలంచుచున్నారు. ఇది విని మాకు నిరాశ కలుగలేదు సరికదా, ఆ శాస్త్రముపై గౌరవము హెచ్చినది. పురాణశ్రవణములందు ఒక్క శ్లోకమునకు మూడుగంటల కథ అల్లువారిని చూచితిమి. ఒక్క యెముక దొరకినపుడు ఇంతకంటె నేమియు చెప్పలేమని నోరు మూసికొనువారిని అరుదుగా చూచితిమి.

తినబడు జంతువులు పండ్రెండు దొరకి, తినుదానిది తునకయే దొరకుటయేమని అడిగితిమి. లోకమున నెప్పుడును అంతే. వంద జింకలున్న వనమున పులి యొకటి యుండుటయే కష్టము; ఎక్కువైనచో తిండి చాలదు. కొద్దిగ నున్నవాని యెముకలు కొద్దిగనే మిగులును. అయినను వీనికి పండ్లు రాలి జీవితాంతమును క్రొత్తవి మొలచుచుండెను గనుక, ఎముక చిక్కనిచోటను పన్ను చిక్కును. ఆ పన్ను కత్తివలె ప్రక్కలకు నొక్కబడి, అంచున సన్నని కక్కులతో మన కొబ్బరికోరు అంచును బోలియుండును. కోట శిలలలోని మన్నును నీట నానబెట్టి, జల్లెడలబట్టి, అడుగున మిగిలిన నలుసులను ఒక్కొక్కటే ఏరి, అందు మృగపాదుల చిన్నపండ్లను కనుగొనినట్లు ప్రసాదు, పర్మారు అను పండితులు 2020లో ప్రకటించిరి. ఇది విని అత్తగారు మొదటిసారి నోరు విప్పి, "బియ్యములో రాళ్ళేరుటకు కూడ పట్టా లిత్తురా?" అని యడిగిరి.

ఈ కోట్లసంఖ్యలు మీకు తలతిప్పుగా నుండవచ్చును. మేమొక ఉపాయము చేసికొంటిమి. నోములలో సంకల్పము చెప్పుకొనునపుడు వైవస్వత మన్వంతరమును స్మరింతుము గదా. మన్వంతరమునకు మన గణనమున 30,67,20,000 సంవత్సరములు. ఇప్పటి వైవస్వతమున గడచినవి 12 కోట్లకు పైచిలుకు. సుమారు 17, 18 కోట్ల యేండ్లనాటి కోటసారసు చాక్షుష మన్వంతరమున మేసినదన్నమాట. శాస్త్రజ్ఞులు శిలలను పరీక్షించి చెప్పునది వేఱు, మన గణనము వేఱు. ఒకటి రెండవదానికి సాక్ష్యము కాదు. కాని పెద్ద సంఖ్యలకు బెదరకుండుట మనకు నోములవలన నలవడినది.

మా వారి పినతండ్రి కుమారుడు బెల్లంపల్లిలో బొగ్గుగనులలో ఉద్యోగి. వేసవి సెలవులు ముగియకమునుపే ఒకసారి రమ్మని తోడికోడలు ఎన్నాళ్ళనుండియో పిలుచుచున్నది. ఆ ప్రక్కనే మలేరి కలదని అమ్మాయి పటము చూపెను. మా వారు పత్రిక మడిచి, "పోయివత్తము" అనిరి. వారు ఈ విషయమున పలికిన మొదటి మాట అదియే. మృగశిర ప్రవేశింపకముందు ఒక ఉదయమున సికింద్రాబాదున బండి యెక్కితిమి.

కాజీపేట దాటినదాక చంటివాడు నిద్రలో నుండెను. లేచినది మొదలు, సినిమాలలో చూచిన టిరానోసారసు గోదావరి యొడ్డున కనబడునా యని వేధింపసాగెను. అక్కగారు వానికిట్లు చెప్పినది. ఆ జంతువు మన దేశమున నెన్నడును లేదు. 1905లో పేరుపెట్టబడిన ఆ నలువదడుగుల మృగము ఉత్తర అమెరికాలో తిరిగినది. అదేకాలమున మన దేశమునకు వేఱొక రాజుండెను. వాని పేరు రాజసారసు. గుజరాతులో బాలాసినోరు దగ్గఱ రాహియోలి గ్రామమున, 1980 తరువాత సురేశ్ శ్రీవాస్తవగారను సర్వేక్షణశాఖ పండితులు వాని యెముకలను త్రవ్వి, ఏ యెముక ఎక్కడ ఏ వాలున పడియున్నదో గీతపటము వ్రాసి యుంచిరి. ఎముకలు జయపురము చేరి పెట్టెలలో నుండిపోయినవి. ఇరువదేండ్లకు స్వదేశ విదేశ పండితులు కూడి, ఆ పటము ముందిడుకొని, చెదరిన వానిని జతపఱచి 2003లో ఈ పేరు ప్రకటించిరి. పొడవు 22 మొదలు 30 అడుగుల వఱకు పలువురు పలువిధముల లెక్కగట్టిరి. కురుచతల, బలమైన కాళ్ళు, నొసట మొద్దుబారిన చిన్నకొమ్ము. వాని జ్ఞాతులకు చేతులు మిక్కిలి చిన్నవి. పట్టుట, చీల్చుట సమస్తమును నోరే చేయుటచేత చేతులు పనిలేక తఱుగుచు వచ్చినవని యూహింతురు. ఆ జ్ఞాతులెక్కడ నున్నారు? మడగాస్కరులోను, దక్షిణ అమెరికాలోను. ఈ నేలలన్నియు ఒకప్పుడు కలిసియుండి, విడిపోయినవి. ఇంచుమించు 6 కోట్ల 70 లక్షల యేండ్లక్రింద రాజసారసు తిరుగునాటికి మన దేశము సముద్రమధ్యమున ద్వీపమై ఉత్తరముగా సాగిపోవుచుండెను.

ఆ ప్రాంతమున డైనోసారుల గ్రుడ్లును రాళ్ళై దొరకుచున్నవి. ఒక ముసలమ్మ యింట అట్టి గ్రుడ్డుతో మసాలా నూఱుచుండగా, బాలాసినోరు రాజకుటుంబపు కూతురు ఆలియా సుల్తానా బాబీగారు చూచి దానిని భద్రపఱచిరట. ఆమె యిప్పుడు ఆ శిలల రక్షణకే పూనుకొని, వచ్చినవారికి వానిని చూపి చెప్పుచున్నారు. ఈ కథ అత్తగారికి మిక్కిలి నచ్చినది. "నూఱుటకు పనికివచ్చినదా?" అని రెండుసార్లడిగిరి.

రాజసారసు వంశమేమైనదో కూడ వాడడిగెను. వికారాబాదు అనంతగిరికి పోవునపుడు నల్లని శిల కనబడును గదా, ఆ శిలాద్రవము పడమటి దేశమంతయు ప్రవహించినదియు, మెక్సికోలో ఆకాశమునుండి గొప్పశిల పడినదియు 6 కోట్ల 60 లక్షల యేండ్లనాటి మాటయే. వీనిలో దేని పాలెంతయో అని పండితులు వాదించుకొనుచునే యున్నారు. మొత్తమునకు ఆ పెద్ద మృగములన్నియు పోయినవి. చిన్నతెగ యొకటి మాత్రము మిగిలినది. ఆ సంగతి మఱునాడు బెల్లంపల్లిలో తెలిసినది.

రామగుండము దాటి గోదావరి వంతెనపైకి బండి యెక్కగా అందఱమును చేతులు జోడించితిమి. ఇక్కడినుండి నేల మాఱును. అమ్మాయి చెప్పిన పోలిక యొకటి మాకు బాగుగ పట్టుబడినది. పెట్టెలో చీరలు పేర్చునపుడు పెండ్లిచీర అడుగున నుండును, నిన్న కట్టివిడిచినది పైన నుండును. ఈ లోయలోని శిలలును అట్లే. అడుగున బొగ్గు, దానిపైన ఎఱ్ఱమన్ను, అంతకు పైన చేపల యెముకలు గల కోట సున్నపుశిల. పెట్టెను ఒకవైపు ఎత్తినట్లు ఈ పొరలన్నియు వాలియున్నవి గనుక, బెల్లంపల్లి బొగ్గునుండి ప్రాణహితవైపు ఈశాన్యముగ నడచిన కొలది పాతకాలమునుండి క్రొత్తకాలమునకు నడచినట్లే. కోటసారసు ఆ చివరనున్నది. మా మలేరి నడుమనున్నది.

తెల్లవాఱి తోడికోడలితో పెరట కాఫీ త్రాగుచుండగా, ప్రక్కయింటి కోళ్ళు గోడ దూకి వచ్చినవి. వానిని తోలబోగా అమ్మాయి వలదని వారించి, "అమ్మా, దాని పాదము చూడు" అనెను. ముందుకు మూడు వ్రేళ్ళు. రెండుకాళ్ళ నడక. అడుగునకొకసారి ముందుకు చాచు మెడ. మృగపాదుల పాదమును మూడు వ్రేళ్ళదే; ఎముకలు బోలు; ఱొమ్మునందలి చీలుటెముకయు రెంటికిని కలదు. 1996లో చైనాలో దొరకిన చిన్న మృగపాది శిలపై ఈకలవంటి నూగును కనబడినది. పక్షులు వీనికి పోలికలు కావు, సంతతియే యని నేటి నిర్ణయము. గ్రీకుభాషలో సారసనగా బల్లి. అమరము చదివినవారికి సారసమనగా కొలని పక్షి. మాకు మొదటినుండి ఈ పేర్లు నవ్వు పుట్టించుచుండెను. కడకు బల్లి పోయి పక్షియే మిగిలినదని తెలిసి నవ్వు మానితిమి. ఆ కోడి అంతలో తోడికోడలు ఆరబెట్టిన గోధుమలపై పడినది. దానిని రాజవంశీయురాలని చూచుచు ఊరకుండుటకు ఆమె యొప్పుకొనలేదు.

మఱిది కుదిర్చిన బాడుగకారులో మలేరికి బయలుదేరితిమి. గనుల నల్లదుమ్ము వెనుకబడినకొలది నేల ఎఱ్ఱబడసాగినది. మలేరి చేరునప్పటికి పొలములు, గట్లు, వాగుల యొడ్లు సమస్తమును పసుపు కుంకుమ కలిపినట్లుండెను. తొలకరికై దున్ని వదలిన చేలు. అక్కడక్కడ తెల్లని ఇసుకరాతి తిప్పలు. చెప్పుకొనదగిన కొండలేదు, కోటలేదు, గుడిగోపురము లేదు. చూడవచ్చినవారు దీనిని చూచుటకా వచ్చినదని విసుగుకొనినను తప్పులేదు. మా వారు అట్లే అనిరి కూడ.

కాని ఈ మన్ను కోటసారసుకంటె నాలుగుకోట్ల యేండ్లు పాతది. అప్పుడిది నదుల పల్లపునేల. మొసలివంటి పొడుగుమూతి జంతువులు, చిలుకముక్కు గల మేతజంతువులు, ఊపిరితిత్తులుగల చేపలు ఇచట నుండెడివి. 1850 ప్రాంతములందే నాగపురమునందలి హిస్లాపు అను పాదిరి ఇచటి యెముకలపై కన్నువేసి లోకమునకు తెలిపిరి. 1863లో వారు ఏఱు దాటుచు మునిగి మరణించిరి. మొసలివంటి ఆ జంతువునకు తరువాత వారి పేరే కలిపిరి. ఆనాటి యధికారులు ఈ మొసలివంటివారే. డైనోసారులు ఇంకను చిన్నవి, కొద్దివి. రాజసారసు కాలమున రాజ్యమేలిన జాతి ఈ మట్టిలో బంటుగ నుండెనన్నమాట.

ఈ సీమలోనే అన్నారము దగ్గఱ నొక మాంసభక్షకుని తుంటియెముకలు, కొన్ని వెన్నుపూసలు దొరకినవి. కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో నవి యేండ్ల తరబడి యుండి, 2011లో వర్ణింపబడి, 2025లో పేరు పొందినవి. ఆ పేరు మలేరిరాప్టరు కుట్టి. రాప్టరనగా లాటినులో కొల్లగాడు. కుట్టియన్న మాట విని అత్తగారు పసికూనయేమో యనుకొనిరి. అది త్రవ్వి తీసిన టి. ఎస్. కుట్టిగారి పేరు. దీని వయస్సు సుమారు 22 కోట్ల యేండ్లు. ఇది మృగపాదుల మూలపురుషుల దాయాదియని కొందఱును, మృగపాదులలో చేర్పరాదని కొందఱును అందురు. చిలుకముక్కు జంతువులు నశించిన పిదప ఈ తెగ ఉత్తర అమెరికాలో మాత్రము మిగిలినదని అంతవఱకు తలంచుచుండిరి. మన యెఱ్ఱమట్టిలోని నాలుగెముకలు ఇక్కడను మిగిలినదని సాక్ష్యమిచ్చినవి.

గణాంకశాస్త్రమునకును ఎముకలకును పొత్తేమని మాకు సందేహము గలిగినది. ఆ సంస్థను స్థాపించిన మహలనోబిసుగారు 1957లో లండనునుండి పమేలా రాబిన్సను అను విదుషిని పిలిపించి ఈ శాఖను నెలకొల్పించిరట. ఆమె 1919లో జన్మించినది. రెండవ ప్రపంచయుద్ధమున మందుగుండు కర్మాగారమున పనిచేసినది. యుద్ధానంతరము గ్రంథాలయమున కొలువుండి, ఆ పిమ్మట భూగర్భశాస్త్రము చదువుకొన్నది. అనగా, నాటికి పసిపిల్ల కాదు. ఆమె చేరదీసిన పడుచువాండ్రు ఈ గోదావరీసీమలో ఎండకు వానకు తిరిగి త్రవ్విరి. వారికి పోచంపల్లి యొద్ద 1958 మొదలు 1961 వఱకు ఇంచుమించు మున్నూఱు పెద్దయెముకలు దొరకినవి. ఈ పోచంపల్లి పట్టుచీరలది కాదు, గోదావరి యొడ్డుది. అయిదడుగులకు మించిన తొడయెముకను చూచి, వంగభాషలో పెద్దకాలను నర్థముతో బరపాసారసనియు, 1961 రవీంద్రుని శతజయంతి వత్సరమగుటచే టాగోరి యనియు 1975లో పేరు పెట్టిరి. ఆ యస్థిపంజరము కలకత్తాలో నిలిచియున్నది.

ఈ కథ చెప్పుచున్నది మేము కాదు, మా వారు. వేపచెట్టు నీడను కూర్చుండి పులిహోర పొట్లములు విప్పుచుండగా తామే యెత్తుకొనిరి. పత్రికలో తలదూర్చి వారు మూడువారములుగా నేమి చదువుచుండిరో అప్పుడు మాకు తెలిసినది.

భోజనానంతరము వాగు యొడ్డున నొక జాములో సగము తిరిగితిమి. ఎముకవంటి దేదైన కనబడినను ముట్టరాదని అమ్మాయి ముందే కట్టడి చేసినది. ఏ యెముక ఎక్కడ నున్నదో తెలియక కదలించినచో దాని కథ సగము పోవునట. అంత జాగ్రత్త అవసరము లేకపోయినది. మా కేమియు కనబడలేదు. చంటివాడు తెచ్చి చూపినవన్నియు గులకరాళ్ళే. అమ్మాయి మాత్రము మోకాళ్ళపై వంగి, గట్టునందలి మట్టిచారలను లెక్కించుచు, చిన్నపుస్తకమున గీతలు గీసికొనుచుండెను. ఎండకు ముఖము కందినది. పిలిచినను వినిపించుకొనలేదు. వసారాలో శ్లోకము పట్టుబడిననాడు మేమును అట్లే తల్లి పిలుపు వినిపించుకొనక తిట్లు తింటిమి. అత్తగారు చెట్టుక్రిందనుండి చాలసేపు దానినే చూచుచుండిరి.

తిరుగుబండిలో మా చీరకుచ్చెళ్ళన్నియు ఎఱ్ఱగ నుండెను. ఆ మన్ను రెండు ఉతుకులకును పోలేదు. మంచిర్యాలలో బండి కదలిన తరువాత అత్తగారు హఠాత్తుగ, "ఆ దొరసానికి అడవిలో ఎవరు వండిపెట్టినారే?" అని అమ్మాయి నడిగిరి. ఆ సంగతి పుస్తకములలో లేదని అమ్మాయి చెప్పినది.

"వ్రాయవలసినవి వ్రాయరు గదా" అని అత్తగారు కిటికీవైపు తిరిగిరి. గోదావరి వచ్చి, పోయినది. కొంతసేపటికి మా వైపు చూచి, "అమ్మాయీ, కందిపొడి నెల నిలుచును. నువ్వులపొడి నిలువదు, కారు పట్టును. చింతకాయ తొక్కు జాడీలోనే పంపవలె, ఆ డబ్బాలు వద్దు" అనిరి.

మా వారు మరల పత్రిక విప్పిరి.